పేరు పలకలు కాల్చిన అక్క

పోయిన శ్రావణంలో, క్రైస్తవుల సమాధుల తోట మూలనున్న కరెంటు స్తంభం వానకు ఒరిగిపోతే నిలబెట్టడానికి వెళ్లాం. నిజామాబాదులో నేను ఇరవై ఏళ్లుగా లైన్‌మన్‌ని. కూలీలు గుంత తవ్వుతుంటే గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. రెండు రోజుల ముసురుకు సిమెంటు దిమ్మెల మీద రంగుతో రాసిన పేర్లు సగం కారిపోయాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పుస్తకమంత పలకలు, లేత చెరుకాకు రంగువి, అప్పుడే కడిగి బోర్లించిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. వాటి మీద తుప్పు రంగు అక్షరాలు. ఎల్లవ్వ. సైకిల్ సారు. మా పెద్దబాపు. ఒక్క అక్షరం చెదరలేదు.

"ఇవెవరు చేసిండ్రన్నా, గింత ముద్దుగ?" అన్నాడు నాతో వచ్చిన ఆపరేటరు.

"మా అక్క."

"మీరు చర్చికి పోతరా?"

"పోను."

అతను కూలీల వైపు వెళ్లాడు. ఆమె పోయి అప్పటికి ఏడాది దాటింది.

ఆమె ఇంటికి నేను మొదటిసారి వెళ్లింది ఫిర్యాదు మీద. ఆ గల్లీలో వారానికోసారి పగటిపూట బల్బులు ఎర్రబడుతున్నాయనీ, ఫ్యాన్లు ఈడుస్తున్నాయనీ, టీచరమ్మ ఇంట్లో ఏదో బట్టీ నడుస్తోందనీ నలుగురు సంతకాలు పెట్టి ఇచ్చారు. దొంగ కనెక్షనేమోనని తలుపు కొంచెం గట్టిగానే కొట్టాను. తీసిన మనిషికి అరవై అయిదు దాకా ఉంటాయి. నేత చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని ఉంది. చొక్కా చేతులు మోచేతి పైకి మడిచి, వేళ్ల సందుల్లో తెల్లటి మట్టి.

"మీటరు చూస్తవా, బట్టీ చూస్తవా?" అంది.

"రెండూ చూస్త."

"అయితె చెప్పులు ఇడిచి రా. దుమ్ము పడితె పలకల మీద పుట్టుమచ్చలు లేస్తయి."

వెనక గదిలో నడుమెత్తు పెట్టె ఒకటి ఉంది. తేలికపాటి తెల్ల ఇటుకలు పేర్చి, చుట్టూ ఇనుప పట్టీలు బిగించి, ఇటుకల్లో కాలువలు తీసి, ఆ కాలువల్లో తీగచుట్టలు పరిచారు. మీటరు సక్రమంగానే ఉంది. బట్టీని చూస్తే మాత్రం, ఆ పని తెలిసినవాణ్ణి గనక, ముచ్చటేసింది. ఎక్కడా ఒక్క బోల్టు వదులు లేదు. తీగచుట్టల మధ్య దూరం కొలత పెట్టి గీసినట్టు సమంగా ఉంది.

"ఎవరు కట్టిండ్రు?"

"నా కొడుకు. ఐటీఐ చదివిండు. నేను రిటైరైనంక ఊకె కూసోలేక మట్టి పిసుకుతాంటె చూసి కట్టిచ్చిండు."

"ఇప్పుడు యాడ చేస్తుండు?"

ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. పాలు లేని టీ. నాకు నున్నటి ఆకుపచ్చ కప్పులో ఇచ్చింది, తను అంచు పగిలిన కప్పులో తాగింది. తర్వాత నాలుగేళ్లూ చూశాను, బట్టీలో చెడిపోయినవన్నీ తనకు, బాగా కాలినవి ఇంటికొచ్చినవాళ్లకు. ఆ ఇంట్లో ఆమె పళ్లెం, గ్లాసు, చివరికి ఉప్పు డబ్బా మూత కూడా సరైనది ఒక్కటీ లేదు.

బయటికొచ్చాక పక్కింటాయనే చెప్పాడు. ఆరేళ్ల కింద ఆ అబ్బాయి దోస్తులతో పోచంపాడ్ ఆనకట్ట దగ్గరికి పోయి నీళ్లలోకి దిగాడు. ముగ్గురు దిగితే ఇద్దరు వచ్చారు. చేపలు పట్టేవాళ్లు వారం రోజులు వలలు వేసి వెతికారు. గోదావరి మనిషిని ఇవ్వలేదు. ఆమె వేసుకున్న చొక్కా ఆ అబ్బాయిదే. ఫిర్యాదు ఇచ్చిన నలుగురిలో ఈయనా ఒకడు. చెప్పి, "మేం బట్టీ బంద్ చెయ్యమంటలేం, మా లైట్లు మంచిగ వెలిగితె సాలు" అన్నాడు.

ఆ గల్లీకి వేసిన తీగ సన్నది. పైవాళ్లకు రాసి లావు తీగ వేయించాను, ఆమె ఇంటికి మూడు ఫేజుల మీటరు పెట్టించాను. నా పని అక్కడితో అయిపోవాలి. కానీ నాలుగో రోజు పొద్దున్నే ఫోను వచ్చింది.

"తమ్మీ, రేపు ఆయన ఉంటడా?"

"ఎవరక్కా?"

"ఆయనే. కరెంటు."

అట్లా మొదలైంది. మట్టి పలకను రెండుసార్లు కాల్చాలి. మొదటిసారి ఉత్త మట్టిని, రెండోసారి మెరుగు పూత పూసి. ఆ రెండో కాల్పుకు పది గంటలు ఏకధాటిగా కరెంటు కావాలి. వేడి నెమ్మదిగా పన్నెండు వందల డిగ్రీలకు ఎక్కాలి. మధ్యలో పోతే పూత కరగదు, మళ్లీ మొదటినుంచి కాల్చాలి. అందుకని మరమ్మతులకు లైను బంద్ చేసే రోజులేవో నేను ముందే చెప్పేవాణ్ణి, ఆమె దాన్ని బట్టి బట్టీ పెట్టుకునేది. ఒకసారి నేను స్నానంలో ఉంటే ఫోను నా భార్య ఎత్తింది. "ఎవరో పెద్దామె, ఆయన నిలకడ మీద ఉన్నడా అని అడుగుతాంది. మీరు మళ్ల ఎవరితోనన్న లొల్లి పెట్టుకున్నరా?" అని బాత్‌రూము తలుపు బయటినుంచే నిలదీసింది.

బట్టీ నడిచే రోజు ఆమె ఒక చోట కూర్చునేది కాదు. ఫ్యాను చప్పుడు వింటూ, వంటింట్లోంచే ఓల్టేజీ తగ్గిందని చెప్పేది. నేను మీటరు పెట్టి చూస్తే నిజంగానే తగ్గి ఉండేది. బట్టీ తలుపుకు రూపాయి బిళ్లంత కన్నం ఉంది. కన్నానికి ఎదురుగా లోపల చిటికెన వేలంత మట్టి మొన ఒకటి నిలబెట్టేది. సరైన వేడి తగిలినప్పుడు ఆ మొన మెత్తబడి తల వాలుస్తుంది. దానికి ఆమె పెట్టిన పేరు ముసలాయన. నల్ల అద్దం కళ్లకు అడ్డం పెట్టుకుని వంగి చూసి, "ఇంక మొండికేసే ఉన్నడు" అనేది. చివరికి, "వంగిండు. బంద్ చెయ్యి తమ్మీ" అనేది, ఆ మాట చర్చిలో ఆమెన్ అన్నట్టు ఉండేది.

తర్వాత ఒక రోజంతా తలుపు తీయనిచ్చేది కాదు. తీసే ముందు బట్టీ తలుపుకు చెంప ఆనించేది. కళ్లు మూసుకుని అట్లా కాసేపు ఉండేది, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. "చెంపకు ఓర్వాలె. చేతికి ఓర్చితె సాలదు. చెయ్యి అబద్ధమాడుతది."

పలకలెందుకు చేస్తున్నావని ఒకసారి అడిగాను. కొడుకు పోయిన మరుసటేడు ఆమె ఊరికే సమాధుల తోటకు వెళ్లి కూర్చునేదట. తనకంటూ అక్కడ కూర్చోవడానికి ఒక చోటు లేదు, అందుకని ఎవరి పక్కనైనా కూర్చునేది. చర్చి ఊడ్చే ముసలామె ఎల్లవ్వ సమాధి పక్కన ఒకరోజు కూర్చుంటే, ఆ పేరు వానకు కొట్టుకుపోయి 'ల్ల' ఒక్కటే మిగిలింది.

"ముప్పై ఏండ్లు ఊడిసింది. గంత మనిషి గా ఒక్కక్షరమైంది. నాకు మనసు నిలువలే తమ్మీ."

మొదటి పలక ఎల్లవ్వకు. ఆ తర్వాత భీమ్‌గల్ నుంచీ బోధన్ నుంచీ కూడా వచ్చేవారు. వచ్చినవాళ్లు మూడు పనులు చేయాలి. తమ ఊరి మట్టి ఒక పిడికెడు తేవాలి, దాన్ని ఆమె తన మట్టిలో కలిపేది. పేరు కాగితం మీద రాసివ్వాలి. ఆ తర్వాత, "గిది రేషన్ కార్డు పేరు. ఇంట్లె ఏమని పిలుస్తుండ్రి?" అని ఆమె అడిగినదానికి జవాబు చెప్పాలి. చాలామంది అక్కడే ఏడ్చేవాళ్లు. అప్పటిదాకా కొయ్యలా ఉన్న మగవాళ్లు కూడా. సైకిల్ సారు భార్య, పలకను ఒళ్లో పెట్టుకుని, "మా పెండ్లయిన సంది నేను గూడ గిట్లనే పిలిసిన" అని నవ్వుతూ ఏడ్చింది.

డ్రాయింగు టీచరు గనక అక్షరం విషయంలో కఠినం. తుప్పు పొడిని నీళ్లలో కలిపి సన్న కుంచెతో రాసేది. ఆ తుప్పు నేనే తెచ్చేవాణ్ణి, పాత స్తంభాల క్లాంపుల నుంచి గీకి. "తలకట్టు లేని అక్షరం ఎండల నిలబడ్డట్టుంటది," "దీర్ఘం సగం గీసి ఇడిసిపెడితె మనిషిని సగం పిలిసి ఊకున్నట్టు" అనేది. పూతలోకి చెరుకు పిప్పి బూడిద కావాలి. మా ఊరు బోధన్ దగ్గర, కాలువ కింద. బెల్లం వండే పొయ్యిల దగ్గర బూడిద బస్తాకెత్తి బండి మీద తెచ్చిచ్చేవాణ్ణి. జల్లెడ పట్టి, ఆరుసార్లు నీళ్లు వంపి, గుడ్డలో వడకట్టేది. ఆ బూడిదే బట్టీలో కరిగి, మళ్లీ చెరుకాకు రంగుకు తిరిగేది. నాకు ఎన్నిసార్లు చూసినా నమ్మబుద్ధి అయ్యేది కాదు.

మాకు పెళ్లయిన తొమ్మిదేళ్లకు బిడ్డ పుట్టింది. పుట్టిన రెండో పూటకు పోయింది. మాలో పసిగుడ్డును కాల్చరు, మట్టిలో పెడతారు. మా బాపు, నేను కలిసి మా చెరుకు తోట గట్టున పెట్టి వచ్చాం. పేరు పెట్టనేలేదు. నా భార్య మా ఊరి ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుంది. తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

పదో రోజు అక్క బస్సు దిగి, కాలువ కట్ట మీద నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. నేను రమ్మనలేదు. వారం రోజులుగా నేను ఫోను ఎత్తకపోతే మా ఆఫీసులో అడిగిందట. వచ్చి, మా అవ్వ వేసిన మంచం మీద కూర్చోకుండా నా భార్య పక్కన కింద కూర్చుంది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. చాలాసేపటికి అడిగింది.

"కడుపుల ఉన్నప్పుడు ఏమని పిలుస్తుంటివి బిడ్డా?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. బిడ్డకు పేరే పెట్టలేదని చెప్పబోయాను. నా భార్య గోడ వైపే చూస్తూ ఒక పేరు చెప్పింది. తొమ్మిది నెలలు ఒకే మంచం మీద పడుకున్నాం, నా భార్య లోపలి బిడ్డను అట్లా పిలుచుకునేదని నాకు తెలియదు. అక్క ఆ పేరును మెల్లగా తిరిగి పలికింది, సరిగ్గా పలికానా అని అడుగుతున్నట్టు. అప్పుడు నా భార్య ఇటు తిరిగి ఆమె ఒళ్లో తల పెట్టింది.

ఆ పేరు ఇక్కడ రాయను. అది నా భార్యది.

గట్టు మీది మట్టి పిడికెడు నేనే తీసి ఇచ్చాను. ఇరవై రోజుల తర్వాత అక్క పలక తెచ్చింది, అరచేయంత చిన్నది. మా అవ్వ గొణిగింది. "మనల గిట్ల పెట్టుడు లేదు. ఎవలన్న చూస్తె ఏమనుకుంటరు." అక్క ఆమెతో వాదించలేదు. ఇప్పుడు ప్రతి ఏడూ చెరుకు కొట్టేటప్పుడు కూలీలకంటే ముందు మా అవ్వే వెళ్లి, ఆ చోట రాలిన ఆకు తీసి పక్కన వేస్తుంది.

ఆ పలక పెట్టిన రోజు, తిరిగి వస్తూ కాలువ కట్ట మీద నా భార్య ఆమెను అడిగింది. ఏళ్ల తరబడి అడగడానికి నాకు ధైర్యం చాలని మాట.

"అక్కా, మీ బాబుది చేసిండ్రా?"

అక్క నడక ఆగలేదు. "లే."

"ఎందుకక్కా?"

"పలక రాస్తె, పోయిండని నేనే ఒప్పుకున్నట్టు గదనే. గోదారే ఇంక ఒప్పుకోలే. నేనెట్ల ఒప్పుకుందు?"



మాఘం వెళ్లాక ఒక ఆదివారం ఆమె ఫోను చేసి, బండి తీసుకురమ్మంది. చర్చికి దింపమంటుందేమో అనుకున్నాను. బండి ఎక్కాక చెప్పింది, పోచంపాడ్ పోవాలని. అబ్బాయి పోయినప్పటి నుంచి ఆమె ఆ వైపు వెళ్లలేదు. దారంతా నా భుజం పట్టుకుని ఉంది. ఆనకట్ట దగ్గర చేపలు వేయించే కొట్ల ముందు నుంచి నడిచి, నీళ్లు వెనక్కి తగ్గిన చోట ఒడ్డు దిగాం. జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఎవరో పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో ఆడుతుంటే ఆమె అక్కడే నిలబడి, వాళ్ల తల్లి వచ్చి పిలుచుకుపోయేదాకా కదల్లేదు.

ఆ తర్వాత వంగి, ఒండ్రు మట్టి ఒక పిడికెడు తీసి టిఫిన్ డబ్బాలో వేసుకుంది. చెయ్యి కడుక్కోలేదు.

"పదేండ్లయితాంది తమ్మీ. నీ పెండ్లాం అడిగిన సంది నిద్ర వడ్తలేదు. ఇంట్లె వాని పేరు పిలువక ఎన్నొద్దులాయె అని చూసుకున్న. వాని పేరు నా నోట్లనే అరిగిపోతాంది."

ఆ పలకకు ఆమె నెలన్నర తీసుకుంది. రాయడం, చెరపడం. చివరికి ఒకరోజు నాకు చూపించింది. అతని పేరు కాదు, ఆమె పిలిచే పేరు. "చిన్నోడు." అంతే. మూడే అక్షరాలు. అంత నిండైన దీర్ఘం నేను ఆమె చేతిలో అంతకుముందు చూడలేదు. అప్పటికే డాక్టర్లు ఆమెకు గుండె వాచిందని, మెట్లెక్కొద్దని, బరువులెత్తొద్దని చెప్పారు. మొదటి కాల్పు పూర్తి చేసి, పూత పూసి, నాకు ఫోను చేసింది.

"తమ్మీ, రేపు పొద్దుగాల ఏడుకు పెడుత. సాయంత్రం అయిదు దాకా ఆయన ఒక్క నిమిషం గూడ పోవద్దు. నేనెన్నడన్న నిన్ను గిట్ల అడిగిన్నా?"

"పోడక్కా. నాది జిమ్మా."

కరెంటు పనిలో ఉన్నవాడు ఎవరికీ ఇవ్వకూడని మాట అది. నాకు తెలుసు. ఆమె గొంతు విని ఇచ్చేశాను.

మూడింటి దాకా అంతా బాగుంది. మూడుంపావుకు గాలి దుమారం లేచింది. అట్లాంటిది నా సర్వీసులో రెండు మూడు చూసి ఉంటాను. చెట్లు విరిగి లైన్ల మీద పడ్డాయి, ఊరు ఊరంతా కరెంటు పోయింది. నేను అప్పుడు ఊరికి అవతలి కొసన ఉన్నాను. ముందు ఆస్పత్రి లైను, తర్వాత నీళ్ల ట్యాంకుల లైను, ఆ తర్వాతే గల్లీలు. అది నియమం. నేను మొదటి స్తంభం ఎక్కేటప్పుడు ఆమె బట్టీ వేడిగానే ఉండి ఉంటుంది. మూడో స్తంభం దిగేటప్పుడు చల్లారుతూ ఉండి ఉంటుంది. మధ్యలో ఒక్కసారి జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే ఆమె. ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను?

ఆమె గల్లీకి కరెంటు వచ్చేసరికి ఏడు దాటింది. మర్నాడు సాయంత్రం, చెంప ఆనించాక, ఇద్దరం కలిసి బట్టీ తీశాం. పూత కరగలేదు. సున్నం కొట్టిన గోడలా మొద్దు తెలుపు. దాని కింద అబ్బాయి పేరు మబ్బు వెనక ఉన్నట్టు లీలగా కనిపిస్తోంది. వేలితో తాకితే పొడి అంటింది. నేను తల ఎత్తలేకపోయాను.

"గాలిని నువ్వు ఊదినవా తమ్మీ?" అంది. నా చేతిలోంచి పలక తీసుకుని చొక్కా చివరతో వెనకవైపు తుడిచింది. "ఇంకోసారి కాలిస్తె అయితది. ఎప్పుడు పెట్టాలె, నువ్వే చెప్పు."

ఒక్క మాట తిట్టినా నాకు తేలికయ్యేది. ఎప్పుడు పెట్టాలో చెప్పే పని మళ్లీ నాకే ఇచ్చింది.

దుమారం తర్వాత లైన్లన్నీ అతుకులు వేసి నడిపిస్తున్నాం. రోజుకు రెండు మూడుసార్లు పోతోంది. ఈసారి తప్పు జరగకూడదనుకున్నాను. "పది రోజులాగక్కా, లైన్లు నిలకడ మీదికి రానీ" అన్నాను. "ఆగుత తియ్యి" అంది. మధ్యలో రెండుసార్లు ఫోను చేసి, "నిలకడ మీదికొచ్చిండా?" అని అడిగింది. "ఇంకో రెండు దినాలక్కా" అన్నాను. రెండోసారి అడిగినప్పుడు నిజానికి వచ్చేసింది. నాకే భయం తీరలేదు.

పదకొండో రోజు పొద్దున పక్కింటాయన ఫోను చేశాడు. పాల ప్యాకెట్టు గడప దగ్గరే ఉందని, తలుపు కొడితే పలకడం లేదని. నిద్రలోనే పోయింది. బట్టీ పక్కన బల్ల మీద పలక ఉంది, దుమ్ము పడకుండా పైన రుమాలు కప్పి.

ఆ రోజంతా కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు.

ఆమె తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చాడు. సమాధి చేశారు. నేనూ నా భార్యా వెనక నిలబడ్డాం. మట్టి వేయమని పాస్టరుగారు పిలిస్తే నా భార్య వెళ్లి రెండు చేతులతో వేసింది. నేను వెళ్లలేకపోయాను.

మూడు వారాల తర్వాత ఆమె తమ్ముణ్ణి అడిగి తాళంచెవి తీసుకున్నాం. ఏ గంటకు వేడి ఎంత పెంచాలో ఆమె ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. పని తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేటట్టు, బడి పిల్లలకు బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా. నేను సెలవు పెట్టాను. పొద్దున్న ఏడుకు బట్టీ వేశాం. నా భార్య అన్నం వండింది గాని ఇద్దరం తినలేదు. ఫ్యాను చప్పుడు కొంచెం మారినా ఇద్దరం తల ఎత్తి చూసేవాళ్లం. అయిదు కావస్తుంటే నల్ల అద్దంలోంచి చూస్తున్న నా భార్య, "వంగిండు" అంది. నేను స్విచ్చు ఆపేశాను.

మర్నాడు తీశాం. చెరుకాకు రంగు. తుప్పు రంగులో చిన్నోడు, తలకట్టు మీద కాస్త మెరుపు. ఎక్కడా పగులు లేదు, పుట్టుమచ్చ లేదు. అంత బాగా వచ్చిన పలక ఆమె చేతి మీద కూడా నేను చూడలేదు. దాన్ని పట్టుకుని ఆ ఖాళీ ఇంట్లో ఎవరికి చూపించాలో తెలియక ఇద్దరం నిలబడిపోయాం.

పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, మనిషి లేని పేరును తల్లి సమాధి మీద పెట్టవచ్చా అని అడిగాను. ఆయన పలకను చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాడు. "తల్లి దగ్గర పెట్టెతందుకు నా పర్మిషన్ ఏందయ్యా" అన్నాడు. జ్ఞాపకార్థ ప్రార్థన రోజు పెట్టాం.

ఆమెకు పలక చేద్దామని నేను మూడుసార్లు ప్రయత్నించాను. రెండు ఆరేటప్పుడే పగిలాయి. మూడోది నిలిచింది గాని, దాని మీద నేను రాసిన అక్షరాలు చూస్తే నాకే సిగ్గేసింది. ఆ వంకర తలకట్టుతో ఆమెను ఎండలో నిలబెట్టలేను. మట్టిని నీళ్లలో వేసి కలిపేశాను. ఆమె పేరును బోర్డులు రాసే ఆయన సిమెంటు మీద నల్ల రంగుతో రాశాడు.

తమ్ముడు ఇల్లు అమ్మేశాడు. బట్టీని మా ఇంటికి తెచ్చుకుందామని నలుగురం కలిసి లేపబోతే ఇటుకలు విడిపోయాయి. ఆ అబ్బాయి దాన్ని కదిలించడానికి కట్టలేదు.

కిందటి నెల ఆ ఇంటి మీటరు తీసేయమని కాగితం వచ్చింది. నా సెక్షనే గనక నేనే వెళ్లాను. నిచ్చెన వేసి తీగ విప్పుతుంటే ఒకామె గేటు దగ్గర ఆగింది. అరవై ఏళ్లుంటాయేమో, చేతిలో ప్లాస్టిక్ సంచి.

"బిడ్డా, పేర్లు రాసే అమ్మ ఇల్లు గిదేనా? సిరికొండ కెల్లి వచ్చిన. మా ఊరి మట్టి తేవాల్నంటె తెచ్చిన."

నిచ్చెన దిగాను. "ఆమె లేదవ్వా."

"ఎప్పుడొస్తది? బస్సు అయిదింటికి. అందాక కూసుంట."

చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది, తర్వాత మూసి ఉన్న తలుపు వైపు చూసింది. మెట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఒక్కసారి కూడా చూడని మనిషి కోసం ఆమె అట్లా ఏడుస్తుంటే నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి సంచిలోంచి మడిచిన కాగితం తీసింది. దాని మీద ఆమె భర్త పేరు, ఎవరో బడి పిల్లల చేతిరాత. కాగితాన్ని వెనక్కి తిప్పి నాకిచ్చింది.

"ఆమె పేరేంది బిడ్డా? గీడ రాసియ్యి. మా ఇంట్లె ప్రార్థన చేసినప్పుడు సదివిచ్చుకుంట."

మీటరు రీడింగు రాసుకునే పెన్నుతో, మోకాలి మీద కాగితం పెట్టుకుని, నిదానంగా రాశాను. ఆమె ఆ కాగితాన్ని కొంగు చివర ముడేసుకుని, మట్టి ఉన్న సంచిని ఏం చేయాలో తోచక కాసేపు నిలబడి, మెట్టు పక్కన పెట్టి, బస్టాండు వైపు నడిచింది.